సైకియాట్రీ థీసిస్‌ను జర్నల్ పేపర్‌గా మార్చడం ఎలా?

థీసిస్ బైండింగ్ అయిపోయి యూనివర్సిటీకి చేరాక చాలామంది అదే వర్డ్ ఫైల్ తెరుస్తారు. నూట పాతిక పేజీల్ని కత్తిరిస్తూ కత్తిరిస్తూ పన్నెండు పేజీలకు తెచ్చి జర్నల్‌కు పంపుతారు. వారం పది రోజుల్లో అది తిరిగొస్తుంది, రివ్యూయర్ దాకా కూడా వెళ్లదు. దీన్నే డెస్క్ రిజెక్షన్ అంటారు. ఎడిటర్ చూసింది పేపర్‌ను కాదు, బక్కచిక్కిన థీసిస్‌ను. మీకు విషయం తెలుసని పరీక్షకుడికి చూపించడం థీసిస్ పని. ఒక ప్రశ్నకు జవాబు చెప్పడం పేపర్ పని. అందుకే పాత ఫైల్‌ను పక్కన పెట్టి, ఖాళీ పేజీతో మొదలుపెట్టండి.

ఈ వ్యాసం పొడవునా ఒకే ఉదాహరణతో వెళ్దాం. మీ థీసిస్ "మద్యం మానడానికి వార్డులో చేరిన 100 మందిలో డిప్రెషన్" అనుకోండి. మన దగ్గర పీజీలు తరచుగా తీసుకునే అంశం, చేతికందే రోగులు, తెలిసిన స్కేళ్లు. పొరపాట్లు కూడా తెలిసినవే.

ముందు ఒక్క ప్రశ్న, ఒక్క టేబుల్

థీసిస్‌కు ముందు ఇచ్చే ప్రణాళికలో, అంటే సినాప్సిస్‌లో మూడు నాలుగు ఆబ్జెక్టివ్‌లు (లక్ష్యాలు) రాసి ఉంటారు: డిప్రెషన్ ఎంతమందిలో ఉంది, వయసు, చదువు, ఆదాయంతో దాని సంబంధం ఏమిటి, తాగుడు తీవ్రతతో సంబంధం ఏమిటి. పేపర్‌కు వీటిలో ఒక్కటి చాలు. ఏది తీసుకోవాలో తేలకపోతే, థీసిస్‌లోని టేబుళ్లన్నీ ప్రింట్ తీసి బల్లమీద పరచండి. సాధారణంగా పాతిక ముప్పై ఉంటాయి. మన పేషెంట్లను చూసే మరో డాక్టర్‌కు రేపు ఓపీలో పనికొచ్చే టేబుల్ ఏదో చూడండి. దానిచుట్టూ పేపర్ కట్టండి. మిగతావాటిలో ఒకటి రెండు దానికి ఆసరాగా ఉంటాయి, తక్కినవి బయటే ఉంటాయి. మతం, వృత్తి, నివాసాలకు విడివిడిగా వేసిన గుండ్రటి "పై" చార్టులకు పేపర్‌లో చోటు లేదు. అవన్నీ కలిపి ఒకే టేబుల్.

ఒకే డేటాను ముక్కలు చేసి మూడు పేపర్లుగా పంపాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. రెండో పేపర్ నిజంగా వేరే ప్రశ్నకు జవాబు చెబుతుంటే తప్పు లేదు, కానీ మొదటి పేపర్ ఉందని కవర్ లెటర్‌లో రాయాలి. దాచిపెడితే, మన రంగం చిన్నది కాబట్టి రెండు పేపర్లూ ఒకే రివ్యూయర్ బల్లమీదికి రావచ్చు.

రాయకముందు ఫైల్‌లో ఉండాల్సిన కాగితాలు

ఎథిక్స్ కమిటీ అనుమతి లెటర్ తీసి తేదీ చూడండి. రోగులందరి వివరాలుండే మాస్టర్ చార్ట్‌లో మొదటి రోగిని చేర్చిన తేదీ దానికంటే ముందుంటే పేపర్ అక్కడితో ఆగుతుంది. దాన్ని సర్దడానికి దారి లేదు. లెటర్‌లోని టైటిల్‌కీ పేపర్ టైటిల్‌కీ తేడా ఉంటే ఆ సంగతి మెథడ్స్‌లో ఒక వాక్యంలో చెప్పండి.

మీది మందునో థెరపీనో పోల్చే స్టడీ అయితే సీటీఆర్‌ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబర్ కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి సీటీఆర్‌ఐ ట్రయల్స్‌కు ముందస్తు రిజిస్ట్రేషన్ మాత్రమే ఇస్తోంది. అంటే మొదటి రోగిని తీసుకోక ముందే నంబర్ చేతిలో ఉండాలి. "పీజీ థీసిసే కదా" అనే సాకు జర్నల్ దగ్గర చెల్లదు. ఈ వ్యాసం చదువుతున్న మీరు ఇంకా మొదటి సంవత్సరంలో ఉంటే, ఇవాళే చూసుకోవాల్సిన పని ఇది.

కన్సెంట్ విషయంలో సైకియాట్రీకి మిగతా శాఖల్లో లేని చిక్కు ఒకటుంది. విత్‌డ్రాయల్ డెలీరియంలో, అంటే మద్యం ఆపాక వచ్చే మతిభ్రమలో ఉన్న మనిషి వేసిన సంతకం కన్సెంట్ కాదు. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017లోని సెక్షన్ 99 దీన్ని సూటిగా చెబుతుంది: స్వేచ్ఛగా, తెలిసి కన్సెంట్ ఇవ్వలేని, అలాగని పాల్గొనడానికి అడ్డు చెప్పని వ్యక్తిపై ఇంటర్వెన్షన్‌తో కూడిన పరిశోధన చేయాలంటే స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ అనుమతి తీసుకోవాలి. మన ఉదాహరణలో ఇంటర్వెన్షన్ లేదు. అయినా మెథడ్స్‌లో రాయాల్సింది ఉంది: డెలీరియం తగ్గి, మనిషి తేరుకున్నాకే కన్సెంట్ తీసుకున్నారా, ఎన్నో రోజున, కెపాసిటీని (అర్థం చేసుకుని నిర్ణయించుకునే శక్తిని) ఎలా అంచనా వేశారు. రెండు వాక్యాలు చాలు. లేకపోతే రివ్యూయర్ మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఆ తర్వాత స్కేళ్లు. తాగుడును కొలిచే ఆడిట్, డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ఉచితంగా వాడుకోవచ్చు. డిప్రెషన్‌కే వాడే బీడీఐ-2, జ్ఞాపకశక్తిని, ఆలోచనను పరీక్షించే ఎంఎంఎస్ఈ కాపీరైట్ ఉన్నవి, లైసెన్స్ కొనాలి. సీనియర్ థీసిస్‌లోంచి జిరాక్స్ తీసిన ఫారం లైసెన్స్ కిందికి రాదు. తెలుగులో అడిగి ఉంటే ఆ తెలుగు పాఠం ఎక్కడిదో చెప్పాలి: వ్యాలిడేట్ చేసినదా (సరిగ్గా కొలుస్తుందని పరీక్షించి తేల్చినదా), మీరే అనువదించారా? మీరే చేసి ఉంటే ఒకరు తెలుగులోకి, ఇంగ్లిష్ మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చారా? వార్డులో ప్రశ్నను అప్పటికప్పుడు తెలుగులో అడిగి, ఇంగ్లిష్ ఫారంలో టిక్ పెట్టి ఉంటే అలాగే రాసి, లిమిటేషన్స్‌లో చేర్చండి. వ్యాలిడేటెడ్ తెలుగు వెర్షన్ వాడామని అబద్ధం రాయడం కంటే ఇది చాలా చిన్న లోపం.

మాస్టర్ చార్ట్‌ను మళ్లీ కడగడం

స్టాటిస్టీషియన్‌కు పంపేముందు ఎక్సెల్ షీట్‌లో ప్రతి కాలమ్‌ను చిన్నదాన్నుంచి పెద్దదానికి సార్ట్ చేసి, మొదటి ఐదు, చివరి ఐదు అంకెలు చూడండి. పది నిమిషాల పని. ఎక్కువగా దొరికేది 99. డేటా లేనిచోట 99 అని కోడ్ చేసి, సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి చెప్పడం మర్చిపోతారు. లెక్కేసి చూడండి: 98 మంది పీహెచ్‌క్యూ-9 సగటు స్కోరు 14. మిగతా ఇద్దరి గడుల్లో 99 ఉంది. మొత్తం వందమంది సగటు 15.7 అవుతుంది. పీహెచ్‌క్యూ-9 గరిష్ఠ స్కోరు 27. 99 అనే స్కోరు ఉండనే ఉండదు, అయినా సగటులో చేరి కూర్చుంటుంది, టేబుల్‌లో ఎవరికీ కనపడదు.

రెండో తప్పు స్కేల్‌లోనే దాగి ఉంటుంది. స్కిజోఫ్రేనియా మీద పనిచేసినవాళ్లకు లక్షణాల తీవ్రతను కొలిచే పాన్స్ తెలిసిందే: 30 ఐటమ్‌లు, ఒక్కోదానికి 1 నుంచి 7. అంటే ఏ లక్షణమూ లేని మనిషికి కూడా 30 వస్తుంది. చికిత్స ముందు 90, తర్వాత 60 ఉంటే చాలామంది 30ని 90తో భాగించి 33 శాతం తగ్గిందని రాస్తారు. అడుగున ఉన్న 30ని ముందు తీసేయాలి. 90లోంచి 30 తీస్తే 60, ఆ 60లో తగ్గినది 30, అంటే 50 శాతం. రెస్పాన్స్ అంటే 50 శాతం తగ్గుదల అని పెట్టుకున్న స్టడీలో ఈ ఒక్క తీసివేత వల్ల రెస్పాండర్ల సంఖ్యే మారిపోతుంది.

ఇక పీ విలువలు, అంటే అసలు సంబంధమే లేకపోయినా ఇంతటి తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం. సాఫ్ట్‌వేర్ 0.000 అని చూపిస్తే దాన్ని దింపుకోకండి, 0.001 కంటే తక్కువ అని రాయండి. వయసు, చదువు, పెళ్లి, ఆదాయం అంటూ ఇరవై పరీక్షలు చేసి ఒకదాంట్లో 0.04 వచ్చిందని సంబరపడకండి. అసలు ఏ సంబంధమూ లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షల్లో కనీసం ఒకటి 0.05 కంటే తక్కువ రావడానికి 64 శాతం అవకాశం ఉంది. ముందే అనుకున్న ఒకటి రెండు పోలికలనే ముఖ్యమైనవిగా చూపించి, మిగతావి ఎక్స్‌ప్లోరేటరీ (ఏముందో వెతకడానికి చేసినవి) అని చెప్పండి.

శాంపిల్ సైజ్‌కు కూడా లెక్క చూపాలి. ప్రచురితమైన స్టడీ ఏదైనా డిప్రెషన్ 30 శాతం మందిలో ఉందని చెప్పిందనుకుని, అటూ ఇటూ 5 శాతం తేడాను ఒప్పుకుంటే 95 శాతం నమ్మకంతో 323 మంది కావాలి. మీ దగ్గర వందమందే ఉంటే తేడా దాదాపు 9 శాతానికి పెరుగుతుంది. అది ఒప్పుకుని, శాతం పక్కన కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు శాతం ఉండగల పరిధి) ఇవ్వండి. వందే రావడానికి సూత్రాన్ని వెనకనుంచి ముందుకు నడిపిస్తే అనుభవమున్న రివ్యూయర్ పట్టేస్తాడు.

జర్నల్ ఎంపిక

రాయడం మొదలుపెట్టకముందే జర్నల్ తేల్చుకోండి, ఎందుకంటే పదాల పరిమితి, రిఫరెన్స్ శైలి, టేబుళ్ల సంఖ్య అన్నీ దాన్నిబట్టే ఉంటాయి. మన దేశంలో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీవారి ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ ఉంది. సౌత్ జోన్ బ్రాంచ్‌ది ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకలాజికల్ మెడిసిన్. ఆంధ్రప్రదేశ్ శాఖకు ఆర్కైవ్స్ ఆఫ్ మెంటల్ హెల్త్, తెలంగాణ శాఖకు తెలంగాణ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ ఉన్నాయి. మీకు నచ్చిన జర్నల్ గత రెండేళ్ల సంచికలు తిరగేసి, మీలాంటి డిజైన్, మీలాంటి శాంపిల్ సైజ్ ఉన్న పేపర్లు వేశారో లేదో చూడండి. వంద మందిని ఒక్కసారే కొలిచే క్రాస్ సెక్షనల్ స్టడీలు వేయని చోటికి పంపి మూడు నెలలు పోగొట్టుకోవద్దు.

ప్రమోషన్ కోసం రాస్తుంటే ఇండెక్సింగ్, అంటే జర్నల్ ఏ డేటాబేస్‌ల్లో ఉందో చూడాలి. ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2022లో ఇచ్చిన అధ్యాపక అర్హతల నిబంధనలు మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, ఎంబేస్, స్కోపస్, డీఓఏజే వంటివాటిని పేరుపెట్టి చెప్పాయి. మొదటి ముగ్గురు రచయితల్లో ఉండాలి లేదా కరస్పాండింగ్ రచయిత అయి ఉండాలన్నాయి. మీ ప్రమోషన్ నాటికి అమల్లో ఉన్న నోటిఫికేషన్ తీసి చదవండి. జర్నల్ వెబ్‌సైట్‌లో వేసుకున్న లోగోలను నమ్మకండి. స్కోపస్ అంటే స్కోపస్ సోర్స్ లిస్టులో, మెడ్‌లైన్ అంటే అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ (ఎన్‌ఎల్‌ఎం) క్యాటలాగ్‌లో మీరే వెతకండి. గూగుల్ స్కాలర్, ఇండెక్స్ కోపర్నికస్ పేర్లు మాత్రమే గొప్పగా చెప్పుకునే జర్నల్ అయితే ఆగి ఆలోచించండి. నమ్మదగిన జర్నళ్లంటూ పెట్టిన యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో యూజీసీయే ఆపేసింది. ఇంకా "యూజీసీ అప్రూవ్డ్" అని మెయిల్ వస్తే పంపినవాళ్ల సంగతి అక్కడే తెలిసిపోతుంది.

డబ్బు గుంజే జర్నళ్ల గురించి వేరే ఊళ్ల కథలు అక్కర్లేదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థకు, పీర్ రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) గురించీ ఫీజుల గురించీ రచయితలను మోసం చేసిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. గుర్తుపట్టడం కష్టం కాదు: "మీ విలువైన పేపర్ పంపండి" అని అడగని మెయిల్, మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్, ఆ తర్వాతే బయటపడే ఫీజు. సైకియాట్రీ మీద, సివిల్ ఇంజనీరింగ్ మీద ఒకే జర్నల్ పేపర్లు వేస్తుంటే ఇక చూడాల్సింది లేదు.

రాసే వరుస

ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టకండి. ముందు మెథడ్స్, తర్వాత రిజల్ట్స్, డిస్కషన్, ఆపైన ఇంట్రడక్షన్, చివర్లో అబ్‌స్ట్రాక్ట్. పక్కన మీ డిజైన్‌కు తగిన చెక్‌లిస్ట్ పెట్టుకోండి. మన ఉదాహరణలాంటి అబ్జర్వేషనల్ స్టడీకి స్ట్రోబ్, అందులో 22 అంశాలు. రాండమైజ్డ్ ట్రయల్‌కు కన్సార్ట్, 2025లో వచ్చిన కొత్త వెర్షన్‌లో 30. సిస్టమేటిక్ రివ్యూకు ప్రిస్మా 2020, 27.

మెథడ్స్ కొలమానం ఒక్కటే: అది చదివిన మరో పీజీ మరో ఊళ్లో అదే స్టడీని అలాగే చేయగలగాలి. డిప్రెషన్ తీవ్రతను కొలిచే హామ్-డి సంగతే చూడండి, "హామ్-డి స్కేల్ వాడాం" అంటే చాలదు. ఎన్ని ఐటమ్‌ల వెర్షన్, ఎవరు అడిగారు, వాళ్లకు శిక్షణ ఉందా, ఆఖరిసారి తాగిన ఎన్నో రోజున అడిగారు? మన ఉదాహరణకు ఈ ఆఖరి ప్రశ్నే ప్రాణం. 17 ఐటమ్‌ల హామ్-డిలో మూడు నిద్రకు సంబంధించినవి. అశాంతి, ఆందోళన, ఒంటి బాధలకూ మార్కులున్నాయి. తాగుడు ఆపిన మూడో రోజున వణుకుతూ నిద్రపట్టక అల్లాడే మనిషికి డిప్రెషన్ లేకపోయినా స్కోరు పెరుగుతుంది. మొదటి వారంలో కొలిచి "60 శాతం మందిలో డిప్రెషన్" అని రాస్తే, కొలిచింది విత్‌డ్రాయల్‌నే కావచ్చు. కనీసం రెండు వారాల తర్వాత, వీలైతే నెలకు మళ్లీ కొలిచి ఉంటే మీ పేపర్ విలువ అమాంతం పెరుగుతుంది. కొలవకపోతే టైటిల్‌లోనే తగ్గి "చేరిన మొదటి వారంలో డిప్రెసివ్ లక్షణాలు" అనండి. లక్షణాలు వేరు, డిజార్డర్ వేరు. స్కేల్ తీవ్రతను కొలుస్తుంది, డయాగ్నసిస్‌కు ఇంటర్వ్యూ, జబ్బులను వర్గీకరించే ఐసీడీ లేదా డీఎస్‌ఎం ప్రమాణాలు కావాలి.

రిజల్ట్స్‌లో అభిప్రాయాలు వద్దు. టేబుల్‌లో ఉన్న ప్రతి అంకెనూ మళ్లీ వాక్యాల్లో చెప్పొద్దు. 40 మందిలో 12 మంది అంటే 30 శాతం, 30.00 అని రెండు సున్నాలు తగిలించినంత మాత్రాన ఖచ్చితత్వం రాదు.

డిస్కషన్‌లో జారిపడే చోటు ఒకటుంది. ఒక్కసారే కొలిచిన స్టడీలో "డిప్రెషన్ వల్ల తాగుడు పెరిగింది" అనలేరు, రెండూ కలిసి కనిపించాయనే అనగలరు. వార్డులో చేరినవాళ్లలో వచ్చిన శాతాన్ని "ప్రివలెన్స్" (జనాభాలో ఎంతమందికి ఉందో) అని ఊరికంతా అంటగట్టకండి. ప్రతి పేరాలో "మా ఫలితం ఫలానా స్టడీతో సరిపోయింది, ఫలానాదానితో సరిపోలేదు" అని జాబితా చదవడం థీసిస్ అలవాటు. సరిపోకపోతే ఎందుకు సరిపోలేదో చెప్పడమే డిస్కషన్. వాళ్లు నాలుగో వారంలో కొలిచారా, ఆడవాళ్లను కూడా చేర్చారా, వేరే స్కేల్ వాడారా?

భాషలో కూడా జాగ్రత్త. "స్కిజోఫ్రేనిక్స్", "ఆల్కహాలిక్స్" అని రాసే రోజులు పోయాయి, జబ్బుతో ఉన్న మనిషి అనే రాయాలి. ఇంగ్లిష్‌లో "కమిటెడ్ సూసైడ్" అనకుండా "డైడ్ బై సూసైడ్" అనండి. ఆ మొదటి మాటలో నేరం వాసన ఉంది.

కేస్ రిపోర్ట్ అయితే పేరు తీసేస్తే సరిపోదు. "నల్గొండ జిల్లా ఫలానా మండలంలో కల్లు గీసే 34 ఏళ్ల వ్యక్తి" అని రాస్తే ఆ ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. కల్తీ కల్లు మానేశాక వచ్చే విత్‌డ్రాయల్ లాంటివి నిజంగా తెలంగాణ నుంచి రావాల్సిన పేపర్లే. కానీ "ముప్పైల్లో ఉన్న, కల్లు అలవాటున్న పురుషుడు" అంటే వైద్యానికి ఏమీ నష్టం లేదు. ప్రచురణకు రాతపూర్వక కన్సెంట్ విడిగా తీసుకోవాలి, చికిత్స కన్సెంట్ దీనికి పనికిరాదు.

పేర్లు, వరుస

రచయితగా ఎవరుండాలో వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ (ఐసీఎంజేఈ) నాలుగు షరతులు పెట్టింది: పనిలో గణనీయమైన పాత్ర, రాయడంలో లేదా దిద్దడంలో పాత్ర, తుది ప్రతికి ఆమోదం, మొత్తానికి జవాబుదారీ. నాలుగూ ఉండాలి. పదవి మాత్రమే ఉన్నవాళ్ల పేరు కృతజ్ఞతల్లోకి వెళ్లాలి. ఇది చెప్పినంత సులువు కాదని అందరికీ తెలుసు, కాబట్టి వరుసను సినాప్సిస్ నాడే గైడ్‌తో మాట్లాడి ఒక మెయిల్‌లో రాసుకోండి. చాట్‌జీపీటీలాంటివాటిని రచయితగా పెట్టకూడదు. వాడితే ఎక్కడ, ఎందుకు వాడారో చెప్పాలి. అవి ఇచ్చే రిఫరెన్సుల్లో లేని పేపర్లు కూడా ఉంటాయి, ఒక్కోటి తెరిచి చూడండి.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఇంకో తలనొప్పి ఉంది. మన ఇంటిపేరు ముందొస్తుంది, డేటాబేస్‌లు ఆఖరి మాటను ఇంటిపేరనుకుంటాయి. ఇంటిపేరు, సాయి, కిరణ్ అని మూడు ముక్కలున్న పేరు ఒక పేపర్‌లో "కిరణ్" కింద, ఇంకోదాంట్లో ఇంటిపేరు కింద, "లాస్ట్ నేమ్" గడిలో ఇనీషియల్ ఒక్కటే కొట్టినందుకు మూడోదాంట్లో ఒంటి అక్షరం కింద చేరుతుంది. ఒకే మనిషి ముగ్గురవుతాడు. మొదటి పేపర్‌కు ముందే ఒక రూపం తేల్చుకుని, ఉచితంగా వచ్చే 16 అంకెల ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) తీసుకుని, జీవితాంతం అదే వాడండి.

పంపే రోజు

చాలా జర్నళ్లు రచయిత ఎవరో రివ్యూయర్‌కు తెలియకుండా చూస్తాయి. టైటిల్ పేజీ వేరే ఫైల్. అసలు ఫైల్‌లో పేర్లు, కాలేజీ, ఎథిక్స్ లెటర్ నంబర్ ఉండకూడదు. "ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రి" అనో "విశాఖ మెంటల్ కేర్ ఆస్పత్రి" అనో మెథడ్స్‌లో ఒక్క మాట మిగిలినా దాపరికం అయిపోయినట్టే. "దక్షిణ భారతంలోని ప్రభుత్వ టెర్షియరీ కేంద్రం" చాలు. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో మీ పేరుంటుంది, "ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్" నొక్కి తీసేయండి.

ఇతర రచనలతో పోలికను చూపే సిమిలారిటీ రిపోర్ట్‌లో మీ థీసిసే పట్టుబడవచ్చు. అది మీదేనని, పేపర్ ఆ థీసిస్‌లోంచి వచ్చిందని కవర్ లెటర్‌లో ముందే చెప్పండి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు తక్కువ స్థాయి పోలికగా చూస్తారు. అంతకంటే ఎక్కువ వస్తే సాధారణంగా తప్పు మెథడ్స్‌లో కాదు, ఎవరిదో ఇంట్రడక్షన్ నుంచి ఎత్తిన పేరాల్లో ఉంటుంది. ఒకేసారి రెండు జర్నళ్లకు పంపడం మాత్రం వద్దు.

రివ్యూయర్‌కు జవాబు

"మేజర్ రివిజన్" (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అని వస్తే దిగులు పడకండి, తలుపు తెరిచే ఉందని అర్థం. మెయిల్ ఒకసారి చదివి, రెండు రోజులు వదిలేసి, అప్పుడు కూర్చోండి. మూడు గడుల టేబుల్ వేయండి: వాళ్ల మాట ఉన్నదున్నట్టు, మీ జవాబు, మార్పు చేసిన పేజీ, లైను నంబర్. ఒక్క కామెంటూ వదలకూడదు. వచ్చిన కామెంట్ ఇదనుకోండి:

"డిప్రెషన్‌ను విత్‌డ్రాయల్ నుంచి ఎలా వేరు చేశారు?"

చెడ్డ జవాబు: "మీ సూచనకు ధన్యవాదాలు. తగిన మార్పులు చేశాం."

మంచి జవాబు: "స్కోరు చేరిన 7వ రోజున తీసుకున్నాం, కాబట్టి విత్‌డ్రాయల్ ప్రభావాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. టైటిల్‌లో 'డిప్రెసివ్ డిజార్డర్' తీసి 'డిప్రెసివ్ లక్షణాలు' అని మార్చాం (పేజీ 1, లైను 2). నిద్ర ఐటమ్‌లు మూడూ తీసేసి మళ్లీ లెక్కించిన ఫలితాన్ని టేబుల్ 2లో చేర్చాం. లిమిటేషన్స్‌లో ఈ సంగతి రాశాం (పేజీ 9, లైన్లు 14 నుంచి 18)."

రివ్యూయర్ చెప్పింది తప్పనిపిస్తే ఒప్పుకోనక్కర్లేదు. కారణం, ఆధారం చూపి మర్యాదగా కాదనండి, ఎడిటర్లు దాన్ని గౌరవిస్తారు. గడువు దాటేలా ఉంటే ముందే మెయిల్ పెట్టి పొడిగింపు అడగండి.

రిజెక్ట్ అయితే వచ్చిన కామెంట్లు సరిదిద్దకుండా మరుసటి జర్నల్‌కు పంపకండి. అదే రివ్యూయర్‌కు అదే ఫైల్ మళ్లీ చేరిన సందర్భాలు ఈ రంగంలో కొత్త కాదు.

యాక్సెప్ట్ అయ్యాక ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసే ప్రతి) వస్తుంది, రెండు మూడు రోజుల గడువిస్తారు. అప్పుడు వాక్యాలకు మెరుగులు దిద్దే వీలుండదు. టేబుళ్లలో దశాంశ బిందువులు, నిలువు వరుసలు జరిగాయేమో మాస్టర్ చార్ట్ పక్కన పెట్టుకుని అంకె అంకె చూడండి. రచయితల పేర్లను ఒక్కొక్కరికీ పంపి, "సరే" అని జవాబు వచ్చాకే ప్రూఫ్ తిప్పి పంపండి.